రేవులో తీసేసిన చెక్క

కరోనా ఆంక్షలు సడలించిన ఏడాది నన్ను తాడేపల్లిగూడెం నుంచి కొల్లేటి లంకలో ఒక చిన్న చర్చికి బదిలీ చేశారు. అప్పటికి నేను ప్రెస్బిటర్‌ని, అంటే బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం ఇచ్చే అధికారం ఉన్న గురువుని. రిటైర్మెంటు దగ్గర్లోనే ఉంది, ఒంటి బరువు హోదాకి తగ్గట్టే ఉంది. కాపురం ఏలూరులో పెట్టి, ఆదివారాలు భీమడోలులో బస్సు దిగి, ఆటోలో గట్టుదాకా వెళ్లి పడవెక్కేవాణ్ణి.

పడవ నడిపే ఇస్సాకు మా సంఘస్థుడే. రేవులో దిగేవాళ్లకి చెయ్యి అందించడు, వెదురు గెడ చాపుతాడు. అది పట్టుకుని, రేవు బురద మీద వేసిన చెక్క మీదుగా గట్టెక్కాలి. మొదట్లో పొగరనుకున్నాను. అసలు సంగతి అతని భార్య సువార్తమ్మ చెప్పింది. ఇస్సాకుకి కరోనా వచ్చి తగ్గింది గానీ, దగ్గరుండి అన్నం పెట్టిన తమ్ముడికి అంటుకుని అతను పోయాడు. అప్పట్నుంచి ఇస్సాకు ఎవర్నీ ముట్టుకోడు. డాక్టరు భయం లేదన్నా వినలేదు. ఆరాధనకి వచ్చి గుమ్మం బయటే నిలబడతాడు. ఆమధ్య పుట్టిన మనవరాలిని ఒక్కసారీ ఎత్తుకోలేదు.

ఆ పాపకి బాప్తిస్మం పెట్టుకున్నారు. బిడ్డని తొట్టి దగ్గరికి తాత మోసుకురావడం ఆ ఇంటి ఆనవాయితీ. ఈసారి మేనమామ తెస్తాడని ఇస్సాకు ముందే చెప్పేశాడు. దీనికి మీరేం చేస్తారని సువార్తమ్మ నన్నే అడిగింది.

మా వృత్తిలో దేనికైనా మొదటి మందు ప్రసంగం. బాప్తిస్మానికి ముందు ఆదివారం, యేసు కుష్ఠరోగిని ముట్టుకున్న భాగం తీసుకున్నాను. మాటతో బాగుచేయగలిగినవాడు చెయ్యి ఎందుకు చాపాడు? రోగం పోవడానికి మాట చాలు, తను మళ్లీ మనుషుల్లో పడ్డానని రోగికి తెలియాలంటే చెయ్యి కావాలి అన్నాను. ప్రసంగం నాకే బాగా నచ్చింది. ఇస్సాకు కూడా బాగుందన్నాడు, గుమ్మం బయట నుంచే.

తల మీద చెయ్యి వేసి దీవించడాన్ని మేం హస్తనిక్షేపణ అంటాం. కరోనా నాటి నుంచి దాన్ని జానెడు ఎత్తు నుంచి కానిచ్చేయమని సంఘ పెద్దల తీర్మానం. ఆ రోజు ఆరాధన చివర, పెనం కాలిందో లేదో చూసేవాడిలా నేను అందరి తలల మీదా గాల్లో చెయ్యి పెట్టుకుంటూ పోయాను. సువార్తమ్మ వంతు వచ్చింది.

"అయ్యగారూ, పైపైన పెడితే లోపలికి దిగుతుందాండీ?"

ఆత్మకి దూరం లేదమ్మా అన్నాను.

"ఆత్మకి లేదండీ. మా ఆయనకుందండీ."

బాప్తిస్మం రోజు ఆలస్యమై, తెల్లంగీ గట్టు మీదే తొడుక్కుని పడవెక్కాను. అవతలి రేవులో ఇస్సాకు గెడ చాపాడు. అలవాటు కొద్దీ కిందికి చూడకుండా చెక్క మీద కాలు వేశాను. చెక్క లేదు. నడుం దాకా బురదలో దిగబడ్డాను, గెడ చేతిలోంచి జారిపోయింది. కదిలినకొద్దీ ఇంకా దిగుతున్నట్టే అనిపించింది. ప్రార్థన కూడా గుర్తు రాలేదు. ఇస్సాకు ఒక్క దూకు దూకి, నా చంకల కింద చేతులేసి లాగాడు. ఇద్దరం గట్టు మీద ఒకరి మీద ఒకరం పడ్డాం.

అప్పుడతను తన చేతులు చూసుకుని వెనక్కి జరగబోయాడు. నేను మణికట్టు వదల్లేదు. బురద చెయ్యి అలాగే అతని తల మీద ఆనించి ప్రార్థన చేశాను. ఇస్సాకు తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తూ భోరున ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

తర్వాత సబ్బుతో మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కుని, పాపని తనే ఎత్తుకుని తొట్టి దగ్గరికి తెచ్చాడు. తడి అంగీతోనే బాప్తిస్మం ఇచ్చాను. పాప నా అవతారం చూసి ఏడుపు అందుకుంది, తాత భుజం మీద తట్టి ఊరుకోబెట్టాడు.

భోజనాల దగ్గర సువార్తమ్మ చేపల పులుసు వడ్డిస్తుంటే, రేవులో చెక్క ఏమైందని అడిగాను.

"వాక్యం మీరు చెప్పారు కదండీ. చెక్క నేను తీశాను. మీ బరువుకి గెడ ఆగదని తెలుసండీ."

నేను మునిగిపోతే ఏం చేసేదానివమ్మా అన్నాను.

"అక్కడ నడుం లోతేనండీ. తెల్లారగట్ల నేను దిగి చూశాను."

ముట్టుకోవడం గురించి ఎంత బాగా చెప్పినా మనిషి తల ఊపుతాడు. ఎదుటివాడికి తన చెయ్యి అవసరమైనప్పుడు చెయ్యి చాపుతాడు. ఆ రోజు నేను నేర్చుకున్నది అదే. పెద్దల తీర్మానం రద్దు కాలేదు గానీ, రిటైరయ్యేదాకా తలల మీద చెయ్యి ఆనించే దీవించాను. పడవ దిగేముందు మాత్రం చెక్క ఉందో లేదో చూసుకునేవాణ్ణి.