మరుగుజ్జు రాక్షసులూ, నా ప్రొబేషనూ

ఆ రోజుల్లో మేము ఉల్లిపాయకు కూడా స్నానం చేయించేవాళ్లం. లాక్‌డౌన్ గురించి ఇప్పుడు అందరూ గంభీరంగా మాట్లాడతారు. జీవితం విలువ తెలిసిందంటారు, ఆత్మపరిశీలన చేసుకున్నామంటారు. నాకు మాత్రం డబ్లిన్ శివార్లలోని ఆడమ్స్‌టౌన్‌లో మా అద్దె ఇంటి గుమ్మం దగ్గర గ్లవ్స్ తొడుక్కుని, పాల డబ్బాను మెడ పట్టుకుని తుడుస్తున్న అన్న గుర్తొస్తాడు. అన్న అంటే తోడబుట్టినవాడు కాదు, గుంటూరు నుంచి వచ్చి నాతో ఇల్లు పంచుకున్నవాడు. ఇంజెక్షన్లు నింపే ఫ్యాక్టరీలో, గాలి కూడా అనుమతి తీసుకుని రావాల్సిన గదిలో పనిచేసేవాడు. ఆ గది పద్ధతులన్నీ మా ఇంటికి మోసుకొచ్చాడు. గడప దాటి లోపలికొచ్చిన ప్రతి వస్తువునూ ఆల్కహాల్‌తో తుడవాల్సిందే. ("మనుషుల్ని కూడానా అన్నా?" అని ఒకసారి అడిగాను. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, సీసాలో ఆల్కహాల్ ఎంత మిగిలిందో చూసుకున్నాడు.)

నేను అప్పుడే చదువు ముగించి క్లాండాల్కిన్‌లో ఒక మందుల కంపెనీలో చేరాను. చేరిన కొన్నాళ్లకే నా విభాగాన్ని ఇంటి నుంచి పనిచేయమన్నారు. ప్రొబేషన్ ఇంకా ముగియలేదు. ఉద్యోగం పక్కా అయితే ఉంటాను, కాకపోతే వర్క్ పర్మిట్‌తో పాటు నేనూ పోతాను. విమానాలు లేని కాలంలో ఎలా పోతానన్నది వేరే సంగతి. మా బాస్ ఐరిష్ పెద్దమనిషి. ఆడిట్ వాయిదా పడినా, మెషీన్ ఆగిపోయినా, బయట వడగళ్లు పడినా "గ్రాండ్", అంటే అక్కడివాళ్ల భాషలో అంతా బాగుంది, అనేవారు కాబట్టి అన్నా నేనూ ఆయనకు గ్రాండ్ గారని పేరు పెట్టుకున్నాం. అన్నిటికీ ఒకే మాట అనే మనిషి మనసులో ఏముందో కనిపెట్టడం ఎంత కష్టమో ప్రొబేషన్‌లో ఉన్నవాడికే తెలుస్తుంది. ఒకరోజు వీడియో కాల్ చివర్లో ఆయన, "నీ సీవీలో హాబీ పెయింటింగ్ అని ఉంది కదా?" అన్నారు. మన సీవీల సంగతి మీకు తెలియనిది కాదు. సీనియర్ ఇచ్చిన ఫైల్లో పేరు మారుస్తాం, ఫోన్ నంబరు మారుస్తాం, హాబీల జోలికి పోం. (ఆ సీనియర్‌కు పెయింటింగ్ వచ్చని కూడా నేననుకోను.) "అవును సర్" అన్నాను. "గ్రాండ్!" అన్నారాయన. ఆ గ్రాండ్‌లో మాత్రం కొత్త ఉత్సాహం వినిపించింది.

మర్నాడు ఆయన మా గేటు దగ్గర చెప్పుల పెట్టె ఒకటి వదిలి వెళ్లారు. లోపల బొటనవేలంత ప్లాస్టిక్ మరుగుజ్జు రాక్షసులు, కత్తులూ బల్లేలతో, బూడిదరంగులో. ఆయనా ఆయన స్నేహితులూ బల్ల మీద పటం పరిచి, పాచికలు వేస్తూ, ఇలాంటి బొమ్మలతో యుద్ధాలు చేసుకుంటారట. కలవడం కుదరక కెమెరా ముందు ఆడుతున్నారు. రంగు వేయని బొమ్మ యుద్ధానికి దిగకూడదని వాళ్ల కట్టుబాటు. యుద్ధం శనివారం సాయంత్రం, ఆలోగా నేను వీటికి రంగులు వేసివ్వాలి. నా ప్రొబేషన్ రివ్యూ సోమవారం. ఈ రెండింటికీ సంబంధం ఉందని ఆయన అనలేదు, లేదని కూడా అనలేదు. నాకు అది చాలు, మిగతా భయం నేనే సమకూర్చుకున్నాను.

రంగులు ఆన్‌లైన్‌లో తెప్పించి, వీడియోలు చూసి నేర్చుకున్నాను. మొదటి రోజు రంగును దోసెపిండిలా పులిమితే ఒక రాక్షసుడి ముక్కూ నోరూ కలిసిపోయి, రాయబారానికి పంపాల్సినంత అమాయకంగా తయారయ్యాడు. రంగును నీళ్లతో పల్చన చేసి, పూత మీద పూత వేయాలట. దాని మీద వాష్ అని ఒక నల్లటి పల్చటి ద్రవం. అది ముడతల్లోకి దిగి నీడలు తెస్తుందంటారు. ఆరేదాకా మాత్రం బొమ్మ మురిక్కాలవలో పడి లేచినట్టుంటుంది. ఆ తర్వాత డ్రై బ్రష్. కుంచెను రంగులో ముంచి, ఆ రంగంతా టిష్యూకు తుడిచేసి, అప్పుడు బొమ్మ మీద ఆడించాలి. ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే రవ్వంత అంటుకుని వెలుగు వస్తుంది. (ఎంతో చేస్తున్నట్టు కనిపిస్తూ ఏమీ చేయకపోవడం ఆఫీసులో అలవాటైన విద్యే కాబట్టి ఇది తొందరగా పట్టుబడింది.) వారమంతా ఊపిరి బిగబట్టి కళ్లు దిద్దాను. మిగిలింది రంగుకు కాపలా కాసే వార్నిష్. అది ఆరుబయట స్ప్రే చేయాలి, గాలిలో తేమ ఉంటే తెల్లగా పొగబారుతుంది. తేమ లేని గాలి కోసం ఐర్లండ్‌లో ఎదురుచూశాను, అదీ నా తెలివి.

శనివారం పొద్దున ఎండ వచ్చింది. ట్రేతో పెరట్లోకి పరిగెత్తాను. డబ్బా ఊపడం పూర్తయ్యేలోగా తుంపర మొదలైంది. బొమ్మల్ని తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లాను. వచ్చి చూసేసరికి అన్న గ్లవ్స్ వేసుకుని చివరి రాక్షసుడి వీపు రుద్దుతున్నాడు.

"అన్నా! అవి మనవే అన్నా!"

"మనవైతే ఏందిరా? బయటికెళ్లొచ్చినయ్యా లేదా?"

"పెరట్లోకి, రెండు నిమిషాలు!"

"వైరస్ ఏమన్నా వాచీ చూసుకుంటదా?" అని, చేతిలో టిష్యూ చూసుకున్నాడు. పచ్చగా ఉంది. "ఏందిరా, రంగు దిగుతంది? చవగ్గా కొన్నావా?"

వారం రోజుల నా బతుకు టిష్యూలో ఉంది. ముడతల్లో కాస్త నలుపు మిగిలింది. ముక్కులూ భుజాలూ మోకాళ్లూ నున్నగా మెరుస్తున్నాయి. బొమ్మలు తీసుకెళ్లడానికి గ్రాండ్ గారు సాయంత్రమే వస్తారు.

"నేను ఇండియా ఎల్లిపోతానన్నా."

"ఫ్లైట్లు లేవు గానీ, కూర్చో. ఏ రంగు మిగిలింది?"

ఆకుపచ్చ అయిపోయింది. నలుపు, బూడిద, తెలుపు ఉన్నాయి. ఆ మూడింటితో ఏం చేయగలమో అర్థమయ్యేసరికి మధ్యాహ్నమైంది. నేను నల్లపూత వేస్తే అన్న హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టాడు. ఆపైన ఇద్దరం చెరో కుంచెతో బూడిద రంగు డ్రై బ్రష్, చివర్లో అంచులకు తెలుపు. అన్న చెయ్యి వాళ్ల ఫ్యాక్టరీ గదిలోలాగే పెళ్లి ఊరేగింపు నడకలో కదిలేది. "తొందరగా అన్నా, ఇది ఇంజెక్షన్ కాదు" అంటే, "నోర్మూసుకోరా, గాలి కదులుద్ది" అనేవాడు. చివరికి ఏ పాడుబడ్డ కోట గోడ నుంచో ఊడి వచ్చిన రాతి విగ్రహాల్లా తయారయ్యాయి.

సాయంత్రం గ్రాండ్ గారు మాస్కు పెట్టుకుని గేటు అవతల నిలబడ్డారు. నేను జరిగిందంతా చెప్పేశాను. వెనక గుమ్మంలోంచి అన్న, "ఆల్కహాల్ నాదేనండీ" అని ఇంగ్లీషులో ఒప్పుకున్నాడు. (ఆ వాక్యం విని పక్కింటావిడ కిటికీ వేసుకుంది.) ఆయన ఒక బొమ్మను వెలుతురుకు ఎత్తి తిప్పి తిప్పి చూశారు.

"రాతి రాక్షసులు. గ్రాండ్."

ఆగలేకపోయాను. "సోమవారం రివ్యూ, సర్?"

"అదా? పోయిన వారమే సంతకం పెట్టేశాను. మెయిల్ రాలేదా?"

"మరి... ఈ బొమ్మలెందుకిచ్చారు?"

ఆయన మాస్కు సర్దుకుని మా పొదల వైపు చూశారు. "ఎప్పుడడిగినా బాగున్నానంటావు. మనిషన్నవాడు అన్నిసార్లు బాగుండడు. ఆ కుర్రాడికి చేతిలో ఏదైనా పెట్టు అని మా ఆవిడంది. ఇంట్లో ఇవే ఉన్నాయి."

ఆ సాయంత్రం మమ్మల్ని కూడా కాల్‌లోకి పిలిచారు. మా రాతి సైన్యం పటం మీద ఒక పొద దాటకుండానే తుడిచిపెట్టుకుపోయింది. అన్న లేచి నిలబడి అచ్చమైన గుంటూరు తెలుగులో అవతలివాళ్లను ఏదో అన్నాడు. వాళ్లు అభినందన అనుకుని చేతులూపారు. నేను ఎన్నాళ్ల తర్వాతో కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాను.

ఎప్పుడైనా కుంచె పట్టుకున్నప్పుడు అప్పటి ఆ కుర్రాడు గుర్తొస్తాడు. పలకరింపును పరీక్ష అనుకుని, బిక్కమొహం వేసుకుని రాక్షసుల కళ్లు దిద్దుతూ ఉంటాడు. భుజం తట్టి, "ఒరేయ్, సంతకం అయిపోయిందిరా" అని చెవిలో వేయాలనిపిస్తుంది. కానీ వేయను. వేస్తే ఆ క్షణమే కుంచె పక్కన పడేసి దుప్పటి ముసుగేస్తాడు. వాడి సంగతి నాకంటే ఎవరికి తెలుసు?