మూయాల్సిన తలుపు

దక్షిణాఫ్రికాలో వెల్కమ్ అనే ఊరి పక్కన బంగారు గనిలో ఇరవై ఆరేళ్లు రాయి తొలిచిన మొహాపికి, జుట్టు నెరిశాక కొత్త చదువు వచ్చి పడింది. ప్రమాదం తర్వాత మళ్లీ గనిలోకి దిగాలంటే కళ్లకు ఉత్తుత్తి గని చూపించే హెడ్‌సెట్ తగిలించుకుని మూడు పరీక్షలు పాసవ్వాలట. పాసవ్వకపోతే ఉద్యోగం ఊడినట్టే. సొంత దేశం లెసోతోలో ఇంటివాళ్లు ఏడుగురు అతని మీదే బతుకుతున్నారు.

పాఠం చెప్పే పూలెంగ్‌ది అతని కూతురి వయసు.

"పేర్లు గుర్తున్నాయా, పెద్దాయనా?"

"ఎందుకుండవు? ఉన్నదంతా మాయం చేసి లేనిదంతా చూపిస్తే వర్చువల్. ఉన్న గోడ మీద లేని బాణం గుర్తు అంటిస్తే ఆగ్‌మెంటెడ్. లేని రాయి ఉన్న బల్ల వెనక నక్కి, నేను తోస్తే కదిలిందనుకో, అది మిక్స్‌డ్. రేపట్నుంచి పాఠం నేను చెప్తా, నువ్వు గనిలోకి దిగు!"

పూలెంగ్ పగలబడి నవ్వింది.

మొదటి రెండు పరీక్షలూ సులువుగానే గట్టెక్కాడు. వర్చువల్‌లో గని కప్పంతా కూలినా బెదరలేదు. అంతా ఉత్తిదే కదా! మూడోది, ఆ మిక్స్‌డ్ పరీక్షే కొరకరాని కొయ్య. అందులో తన చేతులు తనవిగానే కనిపిస్తాయి, పాత మచ్చలతో సహా. రాళ్లు కూలగానే రక్షణ గదిలోకి వెళ్లి తలుపు మూసేయాలి, అంతే. అదే రెండుసార్లు చేతకాలేదు.

ఏడు నెలల కిందట అతను మూసింది నిజం తలుపు. పొగ తరుముకొస్తుంటే నిబంధన ప్రకారమే మూశాడు. జతగాడు సెలో పదడుగుల వెనక ఉన్నాడు. కాసేపు తలుపు బాదిన చప్పుడు వినిపించింది. నీ తప్పేం లేదని విచారణలో అందరూ అన్నారు. అతని మనసు మాత్రం ఒప్పుకోలేదు.

ఇవాళ ఆఖరి అవకాశం. రాళ్లు కూలాయి. మొహాపి లోపలికెళ్లి, తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

"మూయండి! పొగ వచ్చేస్తోంది!"

"వాడు రావాలి కదమ్మా."

"ఎవరు? ఇందులో మీరొక్కరే, పెద్దాయనా!"

ఇంటి దగ్గర ఏడుగురూ కళ్లముందు మెదిలారు. మొహాపి కళ్లు గట్టిగా మూసుకుని రెండు చేతులతో నెట్టాడు.

"పాస్! సోమవారం నుంచి దిగొచ్చు," పూలెంగ్ చప్పట్లు కొడుతూ వచ్చి హెడ్‌సెట్ తీసింది.

ఖాళీ హాల్లో మొహాపి ఇంకా గాలిని నెడుతూనే ఉన్నాడు. చెంపలు తడిసిపోయాయి.

"అయిపోయింది, చేతులు దించండి."

"దించితే ఫెయిలైపోనుగా, తల్లీ?" అన్నాడు.