కళ్ళంలో చల్లిన నీళ్ళు

జ్యోత్స్న గోనె సంచి మూతి విప్పి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. మిర్చి గలగలలాడలేదు. మెత్తగా, వెచ్చగా తగిలింది. ఒక కాయ విరిచి చూస్తే లోపల గింజల చుట్టూ బూడిదరంగు బూజు. అది కన్నతండ్రి హాతీరాం సంచి.

కారేపల్లి అవతల, అడవి అంచున ఉన్న తండా వాళ్ళది. డిగ్రీ అయ్యాక ఆమె నెదర్లాండ్స్ వెళ్ళి ఆహార పదార్థాల నాణ్యత గురించి చదువుకుంది. అక్కడి ఓడరేవు ల్యాబ్‌లో పని నేర్చుకుంటున్నప్పుడు, బూజు విషం ఉందని మన దేశం నుంచి వచ్చిన ఒక మిర్చి లోడు మొత్తాన్ని వెనక్కి పంపేశారు. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు గానీ ఆ రోజంతా ఆమె తలెత్తలేకపోయింది. పక్కన పనిచేసే పెద్దావిడ మాత్రం, "ఇది ఎవరి పిల్లలు తింటారో మనకు తెలియదు. పరీక్ష చేసేది అందుకే" అంది. ఆ మాట జ్యోత్స్నను పట్టుకుని వదల్లేదు. అక్కడే ఉద్యోగమిస్తామన్నా వద్దని, సరుకు పాడయ్యే చోటే దాన్ని ఆపాలని ఇంటికొచ్చేసింది. తండాలో కొందరు పిల్లకు మతి చెడిందనుకున్నారు. పెద్ద చదువు చదివినవాళ్ళు తిరిగొస్తే మనవాళ్ళకు అనుమానమే మరి.

ఖమ్మంలో మిర్చి ఎగుమతి చేసే కంపెనీలో చేరి, తండా పంటంతా కొనేలా వాళ్ళను ఒప్పించింది. హాతీరాం ఇంటింటికీ తిరిగి, "నా బిడ్డ చెప్పినట్టు చేద్దాం, నాది పూచీ" అన్నాడు. ఏ మందు ఎప్పుడు ఆపాలో, టార్పాలిన్ పట్టాల మీద ఎలా ఆరబెట్టాలో ఆమె విసుగు లేకుండా చెప్పింది. ఒక్కటే చెప్పలేదు. సంచుల్లో కాళ్ళతో తొక్కి నింపేటప్పుడు కాయలు విరిగి పొడి కాకుండా కళ్ళంలో ముందుగా నీళ్ళు చల్లుతారు. చిన్నప్పుడు తనూ చెంబుతో చల్లిందే. పుట్టినప్పటి నుంచి చూస్తున్న పని కనుక, దాన్ని మాన్పించాలన్న ఆలోచనే రాలేదు. పైగా ఈసారి లారీ ఆలస్యమైంది. తడి సరుకు సంచుల్లోనే మగ్గింది.

వెంట తెచ్చుకున్న సామగ్రితో పరీక్ష చేసింది. నమ్మలేక మళ్ళీ చేసింది. విషం ఉంది. పక్కింటి భద్రు సంచుల్లోనూ ఉంది, తక్కినవాళ్ళ సంచుల్లోనూ ఉంది. కంపెనీ మేనేజర్ సుకుమార్‌కు ఫోన్ చేస్తే ఆయన తాపీగా, "పైపై కాయలు ఏరి శాంపిల్ పంపమ్మా. కంటైనర్ నిండాలె. మిగతాది నేను చూస్కుంట" అన్నాడు.

తన ఉద్యోగం పోతే పోనీ. నాన్న ఎక్కిన గడపల సంగతేంటి? రేపటి నుంచి ఆయన ఏ ముఖం పెట్టుకుని తిరుగుతాడు?

"బా, ఈ సరుకు పంపను" అంది తండ్రితో.

హాతీరాం సంచి మూతి మళ్ళీ బిగించి కట్టాడు. "కంపెనీ వద్దంటే మార్కెట్ లేదా? ట్రాక్టర్‌ల ఏసుకోని ఖమ్మం పోతం. ఎవరో ఒకరు కొంటరు."

"ఎండబెట్టినా, ఉడకబెట్టినా ఆ విషం పోదు బా. తినంగ తినంగ లివర్ ఖరాబైతది."

"తినేటోళ్ళు మనోళ్ళా ఏంది?"

ఆమెకు ఒళ్ళు మండింది. అంతలోనే ఇంకో సంగతి తట్టింది. సరుకు అమ్మే ముందు ప్రతి ఇంట్లోనూ ఏడాదికి సరిపడా కారానికి మిర్చి తీసిపెట్టుకుంటారు.

"యాడీ, ఇంటి కారానికి ఏ సంచిల తీసినవ్?" అని తల్లిని అడిగింది.

"గా సంచిలనే," అంది ద్వాలి. "మంచిగ ఎండబెట్టే పట్టించిన. చర్లల ఉంటున్న మీ అన్న కోటేష్‌కు గూడ కారం డబ్బా పంపిన. మన్మరాలికి నా కారమైతేనే అన్నం దిగుతదట."

హాతీరాం ఫోన్ తీసి కొడుకుతో, "ఆ డబ్బా ముట్టకుండ్రి. ఎందుకో తర్వాత చెప్త" అన్నాడు. లేచి తన సంచులు ఒక్కొక్కటే ఈడ్చుకెళ్ళి పాత బావి గోతిలో కుమ్మరించాడు. సాయం పట్టబోతే జ్యోత్స్నను రానివ్వలేదు.

ఆపైన భద్రు ఇంటికి నడిచాడు. వెనకే జ్యోత్స్న. భద్రు ఏమంటాడో, తిడతాడో, తండ్రి పరువు తీస్తాడోనని ఆమె భయం. అక్కడ అందరూ భోజనాలకు కూర్చున్నారు. భద్రు భార్య యశోద నవ్వుతూ, "మంచి టైంకొచ్చిండ్రు" అని ఇద్దరికీ కంచాలు పెట్టి, ఎర్రగా మెరుస్తున్న కోడికూర వడ్డించింది.

హాతీరాం కంచం పక్కకు జరిపాడు.

"తినకుండ్రి," అన్నాడు. "నా మిర్చి సంచులన్ని పారబోసి వచ్చిన."