కిందిగది తాళం

అశ్రేత్ లోయలో ఆ ఏడు మంచు తొందరపడింది. తాజ్‌మీర్ నలభై మేకలను తోలుకుని ఎగువ బీళ్ల నుంచి దిగేసరికి ఇంటి కిందిగదికి తాళం వేలాడుతోంది. చలికాలమంతా మేకలు తలదాచుకునే గది అది. కొడుకు జర్వలీ దానికి గచ్చు చేయించి, తివాచీ పరిచి, చుట్టాల గదిగా మార్చేశాడు. మేకలకేం తెలుసు? అలవాటు ప్రకారం తలుపు దగ్గర చేరి కొమ్ములతో పొడుస్తున్నాయి.

"తాళంచెవి ఇటు పడెయ్."

"ఈ రోజుల్లో మేకలతో ఎవరుంటున్నారు నాన్నా? ద్రోష్ బజారు కసాయికి మాటిచ్చేశా. రేపు లారీ వస్తుంది."

"మీ అమ్మకి పాలు పడకపోతే నిన్ను సాకింది ఎవరనుకున్నావురా? దాని మనవరాలే ఆ తలుపు పొడుస్తోంది. దాన్నా కసాయికిస్తావు?"

అరుగు మీద ఇస్రార్ మాస్టారు నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. ఆ లోయ భాష పాలూలాలోని మాటలు పోగుచేసి బడిపిల్లలకు పుస్తకం రాస్తున్నాడాయన. తగువు చల్లార్చబోయి ఇరుక్కున్నాడు.

"కోప్పడకు పెదనాన్నా. ఇవాళ నేను రాసింది కూడా ఇంటి మాటే. ఘోష్ట్ అంటే ఇల్లు. మగమాట, అంటే పుంలింగం. దాని పక్కన 'పెద్ద' అనే మాట చేరితే ఆ మాట చివర ఉకారం రావాలి. ఇళ్లు ఎక్కువైతే ఘోష్టా. పుట్టుక సంస్కృతంలో గోష్ఠం. అంటే... పశువుల కొట్టం."

మన తెలుగు గోష్ఠి పుట్టిల్లూ అదే. కాకపోతే మనవాళ్లు పశువులను తోలేసి పండితులను కూర్చోబెట్టారు. చప్పుడు తగ్గిందని మాత్రం చెప్పలేను.

తాజ్‌మీర్ చేతికర్ర నేలకేసి కొట్టాడు. "ఇన్నేళ్లు చదివి తేల్చింది ఇదా? నా మేకల్నడిగితే ఎప్పుడో చెప్పేవి! చెప్పు, వీడికి చెప్పు. నాక్కాదు."

జర్వలీ నవ్వాడు. "ఎప్పటిదో మాట కోసం కొత్త తివాచీ పాడుచేసుకోమంటారా మాస్టారూ?"

మాస్టారు నోరు విప్పేలోపే ముసలాయన గోడవార రాయి అందుకున్నాడు. రెండు దెబ్బలకు తాళం ఊడింది. మేకలు తోసుకుంటూ లోపలికెళ్లాయి. ముసలిమేక తివాచీ నడుమ నిలబడి, తాపీగా పెంటికలు రాల్చి, తన పాత మూలకు పోయి పడుకుంది.

జర్వలీ నెత్తి పట్టుకున్నాడు. "రేపు లారీవాడికి ఏం చెప్పను?"

తాజ్‌మీర్ గుమ్మానికి అడ్డంగా కూర్చుని చేతికర్ర ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఊరికే పంపకు. తివాచీ ఎక్కించు."