గవ్వ ముడి

మొన్న మధ్యాహ్నం అటక మీది రేకు పెట్టె దింపి మూత తీసేసరికి ఉప్పు, తుమ్మ చెక్క కషాయం, చేప నూనె, కాస్త సున్నం అన్నీ కలిసిన యాభై ఏళ్ళ నాటి వాసన గుప్పుమని ముక్కుకి కొట్టింది. నా పక్కన నిలబడ్డ సౌజన్య చున్నీ అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. పాపం, ఆ పిల్ల తప్పేం లేదు. కూర్మన్నపాలెం దగ్గర నేను రిటైరైన బడిలోనే ఈ ఏడాది టీచరుగా చేరింది. చిన్న తరగతుల పిల్లలకి చరిత్ర చెప్పడానికి, వాళ్ళ చేత సొంతంగా కథలు రాయించడానికి నేనేం సామాను వాడేదాన్నో చూసి పోదామని వచ్చింది. ఆమె సంచీలో ప్లాస్టిక్ పూత పూసిన రంగుల కార్డులు, పెట్టెల్లో సర్దిన రాజుల బొమ్మలు ఎన్నో ఉన్నాయి. నా పెట్టెలో అన్నిటికన్నా పైన ఉన్నది ఒక తాడు.

అది మా తాత ఎల్లాజీ తాడు. చివర గుండ్రాయి కట్టి నీళ్ళలోకి వదిలి లోతు చూసే తాడు, చిటికెన వేలంత లావు, రెండు చేతులూ చాచి కొలిస్తే ముప్పై బారలకి తక్కువ ఉండేది కాదు. మా ఇంట్లో దాన్ని దూలానికి కొట్టిన మేకుకి తగిలించేవాళ్ళు. ఆడపిల్లలు దాన్ని ముట్టుకోకూడదు. ఎందుకు ముట్టుకోకూడదో ఎవరూ చెప్పలేదు, అదేమిటో చెప్పి ఉంటే ఈ కథే లేదు.

డెబ్బైల మధ్యలో, ఫిషింగ్ హార్బరు ఇంకా కడుతుండగా, మర బోట్లు ఒకటీ అరా కనిపిస్తుండగా, విశాఖ ఒడ్డున మా జాలరి పేటలో అందరూ దుంగలు కట్టిన తెప్పల మీదే వేటకి వెళ్ళేవాళ్ళు. మాఘమాసం వచ్చిందంటే తెల్లవారుజామున మంచు సముద్రం మీంచి ఇళ్ళలోకి వచ్చేసేది, తడికెలు చెమ్మగిల్లేవి, పొయ్యి అంటుకోక అమ్మ తిట్లు లంకించుకునేది, మేం పిల్లలం చోడి అంబలిలో కాల్చిన కవ్వళ్ళనే ఎండు చేపలు నంచుకుని, జేబుల్లో రేగుపళ్ళు కుక్కుకుని, ఇసకలో ఏడు పెంకులాట ఆడుతూ ఆడుతూ బడి గంట కొట్టాక పరిగెత్తేవాళ్ళం. బడంటే పెంకుల కప్పు ఉన్న ఒకే గది. అందులో చొట్టపడిన గ్లోబు, కింద చిరిగిపోయి కన్యాకుమారి లేని దేశపటం, పేర్లు చెరిగిపోయిన రాజుల పటం ఉండేవి. పాఠాల్లో రాజులు ఎప్పుడూ ఎక్కడెక్కడో యుద్ధాలు చేసేవాళ్ళు, మా పేటకి ఒక్కడూ వచ్చేవాడు కాదు.

ఆ ఏడాది చోడవరం వైపు రైతుల ఇంటి నుంచి అప్పలస్వామి మేస్టారు వచ్చారు. పంచె, రబ్బరు చెప్పులు, ఎప్పుడూ ముక్కుపొడుం. ఆయనకి కనిపించినదల్లా పాఠమే. విరిగిన తెడ్డు ముక్క, సిగరెట్టు పెట్టెలు, చింతపిక్కలు, కాలిపోయిన బల్బులు, అన్నీ ఈ రేకు పెట్టెలో పడేసేవారు. "ఇంట్లోంచి ఒక పాత వస్తువు పట్రండి, దానికి నోరుంటే ఏం చెబుతుందో రాయండి" అనేవారు. నాకేమీ దొరకలేదు. "మా ఇంట్లో పాతవి లేవు, ఉన్నవన్నీ చేపలే" అని రాసి చదివాను. తరగతంతా ఇగిలించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అసలే నోటి దురుసు పిల్లని, ఆ రోజు ఇద్దరి జుట్లు పీకి ఇంటికొచ్చాను.

అలా ఉండగా శుక్రవారం ఇన్‌స్పెక్టరు వస్తున్నారని తెలిసింది. మేస్టారు చరిత్రని తాడు మీద చూపిద్దామనుకున్నారు. గది చుట్టూ పొడవాటి తాడు కట్టాలి, జానకో ఏడాది చొప్పున గుర్తులు పెట్టాలి, యుద్ధంలో బాంబులు పడిన ఏడాది, ఉక్కు ఫ్యాక్టరీ కావాలని పెద్దవాళ్ళు రోడ్ల మీద కూర్చున్న ఏడాది, మేం పుట్టిన ఏడాది, ఒక్కోచోట ఒక్కో కాగితం వేలాడదీసి దాని మీద మా మాటల్లో కథ రాయాలి. "అంత తాడు ఎవరు తెస్తారు?" అన్నారాయన. పేటలో తాళ్ళకి కరువా, కానీ అన్నీ పనిలో ఉన్నవే. నేను చెయ్యెత్తేశాను.

అప్పుడు మా తెప్ప ఒడ్డున ఉంది. నీళ్ళు తాగి బరువెక్కిన దుంగల్ని విప్పి ఎండబెట్టారు, శనివారం దాకా దించరని అయ్య అనగా విన్నాను. శుక్రవారం సాయంత్రానికి తాడు మేకుకి వేలాడితే చాలు, ఎవరికీ తెలియదు. తాతకి కళ్ళు కనపడవు, అన్నం తిన్నాక ఓ కునుకు తీస్తాడు. బుధవారం మధ్యాహ్నం స్టూలెక్కి తాడు దింపి, రాయితో సహా గోనె సంచీలో కుక్కి, నెత్తిన పెట్టుకుని బడికి పరిగెత్తాను.

తాడు నిండా ముళ్ళు. ఒకచోట ఒంటి ముడి, ఒకచోట జంట ముడి, ఇంకోచోట ఎర్ర గుడ్డ పీలిక బిగించిన ముడి, రాయికి దగ్గరలో ఒక ముడిలో చిల్లుపడిన గవ్వ. కాగితాలు వేలాడదీయాలంటే తాడు సాపుగా ఉండాలి కదా. వరండాలో కూర్చుని పళ్ళతో, పాత గేలంతో, చిగుళ్ళు నెత్తురోడేదాకా పద్నాలుగు ముళ్ళూ విప్పేశాను. రాయి కూడా విప్పేశాను. మేస్టారు చూసి "శభాష్ రత్తం!" అని భుజం తట్టారు. రాయి వైపు మొదటి రెండు బారలూ సున్నంలో ముంచమన్నారు. "ఇది మనకేమీ తెలియని పాతకాలం, తెల్లగా ఉండాలి" అన్నారు. ముంచాను. నా అంత గొప్పది ఆ పూట విశాఖపట్నంలో లేదు.

గురువారం మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చేసరికి ముంగిట్లో అయ్య గేలాలకి సాన పెడుతున్నాడు. "దుంగలు ఎండిపోనాయి. రేపు తెల్లారగట్ల ఏటకి ఎల్తన్నాం" అన్నాడు అమ్మతో. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అయ్య సాయంత్రం సామాన్లు సర్దుకుంటాడు. మొదట చెయ్యి వేసేది ఆ తాడు మీదే.

బడికి ఎలా వచ్చి పడ్డానో తెలియదు. ఏడుస్తూ చెప్పేశాను. మేస్టారు గోడల చుట్టూ చూశారు. కాగితాలన్నీ కట్టడం అప్పుడే పూర్తయింది, ఇన్‌స్పెక్టరు పొద్దున్నే వస్తారు. బల్ల ఎక్కి తాడు లాగేశారు, పిల్లల కథలు గదంతా పడ్డాయి. విప్పిన రాయి, గవ్వ, ఎర్ర పీలిక నా చేతికిచ్చి, తాడు చుట్ట చంకన పెట్టుకుని నా వెంట వచ్చారు. అప్పటికి అయ్య, అమ్మ దుంగలు కట్టడానికి ఒడ్డుకి వెళ్ళిపోయారు.

తాత తాడుని ఒళ్ళోకి తీసుకుని వేళ్ళతో జరుపుకుంటూ పోయాడు. ఒక బార పోయింది, రెండు పోయాయి, వేళ్ళు వెతుకుతూనే ఉన్నాయి.

"ఇప్పేసినావేటే గుంటా?" అన్నాడు. "నలబై ఏళ్ళ సముద్రం ఇప్పేసినావే."

అప్పుడు తెలిసింది. ఒక్కో ముడి ఒక్కో చోటు. రుషికొండ ఇటు, యారాడ కొండ కొమ్ము అటు కనిపిస్తూ, రాయి అడుగు తగిలేసరికి జంట ముడి చేతికందితే కింద కోనాం చేపలున్నట్టు. ఎర్ర పీలిక అందితే అడుగున రాళ్ళు, వల దించకూడదు. తాత, వాళ్ళ అయ్య, ఇద్దరూ కలిసి రాసుకున్న పుస్తకం అది. అన్నిట్లోకి గవ్వ ముడి వేరు. మంచులో కొండలు కనపడనప్పుడు ఒడ్డుకి వస్తుంటే ఆ ముడి అందిందా, ఇంక ముందుకి పోకూడదు, దక్షిణానికి తిరిగి చుట్టూ రావాలి. ముందు నీళ్ళలో మునిగి మొండిరాయి అనే బండ ఉంది. తాత తమ్ముడి తెప్ప దాని మీదే ముక్కలైంది.

"తాతా, మీ వాడికి చెప్పేద్దాం, రేపు వెళ్ళొద్దందాం" అన్నారు మేస్టారు.

"సెప్తే ఆగుతాడనుకుంతన్నావా బాబూ? ఆగడు. తాడుని సగం నమ్మి ఎల్తాడు. సగం నమ్మకంతో సముద్రంలోకెల్లినోడు..." అన్నాడు తాత. ఆయన చేసింది తప్పో ఒప్పో నాకీ రోజుకీ తెలియదు. ఒక్కోసారి తలుచుకుంటే కోపం వస్తుంది, చెప్పాల్సిందే అనిపిస్తుంది. ఆ రోజు మాత్రం ఆయన మాట అన్నాక మాటే.

బారలు కొలుద్దామంటే అవి తాత చేతుల బారలు, ఆయన కుడి భుజం పట్టేసి ఏళ్ళయింది, చెయ్యి పూర్తిగా చాచలేడు. తాడు వంక చూస్తూ ఉంటే నాకే కనిపించింది. ఏటేటా కషాయంలో ముంచిన తాడు ముదురు గోధుమ రంగుకి తిరిగింది కానీ, ముళ్ళ లోపల రంగు ఎక్కలేదు. ముడి ఉన్న ప్రతిచోటా పాలిపోయిన మచ్చ ఉంది. "తాతా, ఇక్కడ మచ్చుంది!" అని అరిచాను. కళ్ళు నావి, జ్ఞాపకం తాతది. నేను మచ్చ చూపిస్తే ఆయన అటూ ఇటూ తడిమి "ఇది జంట" అనేవాడు, ముడేసేవాడు, ఆ చోటు కథ చెప్పేవాడు, మేస్టారు నా పలక మీద రాసి, నిండగానే తన నోటు పుస్తకంలోకి ఎక్కించుకునేవారు. ఎండ గుమ్మం దాటి ముంగిట్లోకి, ముంగిట్లోంచి గోడ మీదికి పోతోంది. అయ్య ఏ నిమిషాన వస్తాడో అని నా చెవులు బయటే ఉన్నాయి. పదమూడు ముళ్ళు పడ్డాయి.

పద్నాలుగోది దొరకలేదు. సున్నం ముంచిన రెండు బారల్లో ఎక్కడో ఉంది. కడిగాం, రుద్దాం, ఆ మేర తాడంతా తెల్లగా పాలిపోయింది. మేస్టారు తల పట్టుకున్నారు. "ఏమీ తెలియని పాతకాలం అన్నాను చూడు, నా నోరు పడిపోనూ" అన్నారు.

పదమూడు ముళ్ళు వేసి తాత వేళ్ళు అలిసిపోయాయి, గవ్వ చిల్లులోకి తాడు పోగు ఎక్కడం లేదు. నా చేతులు పట్టుకుని, రాయికి దూరం వైపు, తెల్ల మేర అయిపోయే చివర పెట్టాడు.

"ఇక్కడెయ్యి. ముందే లోతులో తిరిగితే దూరం తిరుగుతాడు. మొండిరాయి దగ్గిరికొచ్చి తిరిగితే మరి రాడు."

ఆడపిల్ల ముట్టుకోకూడని తాడుకి నేనే ముడేశాను. బిగించి బిగించి చూశాను, తొమ్మిదేళ్ళ చేతికి ఎంత బిగువు వస్తుంది? బయట అయ్య దగ్గు వినిపించేసరికి రాయి కట్టిన తాడు మేకు మీద ఉంది, మేస్టారు పెరటి దారిన వెళ్ళిపోయారు.

శుక్రవారం కళ్ళు తెరిచేసరికి అయ్య లేడు. మంచు. మా గుమ్మంలోంచి ఎదురింటి తడిక కనపడనంత మంచు. బడిలో ఖాళీ గోడల మధ్య ఇన్‌స్పెక్టరు చేతులు వెనక్కి కట్టుకుని తిరిగారు, మేస్టారు నన్ను లేపి నోటు పుస్తకం చేతికిచ్చారు. ఆ పదమూడు చోట్ల కథలు చదివాను. చదువుతూ ఒక చెవి కిటికీకే వేసి ఉంచాను. ఎవరూ ఇగిలించలేదు. ఇన్‌స్పెక్టరు రిజిస్టరులో రాసి వెళ్ళిపోయారు. బోధనోపకరణాలు లేవు అని రాశారట.

గంట కొట్టడం ఆలస్యం, ఒడ్డుకి పరిగెత్తాను. తెప్పలు ఒక్కొక్కటే వచ్చేశాయి. మాది లేదు. తాత ఇసకలో కర్ర పాతి కూర్చున్నాడు, అమ్మ గంగమ్మ తల్లికి మొక్కుకుంటూ అటూ ఇటూ తిరుగుతోంది, జరిగింది అమ్మకి తెలియదు. తాతా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు, ఆయన చూడలేడు, నాకు ధైర్యం చాలలేదు. మంచు విడిపోయి ఎండ చుర్రుమనే వేళకి, ఎవరూ చూడని దక్షిణం వైపు నుంచి ఒక తెప్ప వచ్చింది.

అయ్య తడి బట్టలతోనే తాడు చుట్ట పట్టుకుని తిన్నగా మా దగ్గరికొచ్చాడు. గవ్వ ముడి పైకెత్తి పట్టుకున్నాడు.

"ఇదెవలు ఏసినారు?"

తాత నోరు తెరవబోయాడు. "నాను" అన్నాను. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను.

"సేతికి అందగానే తెలిసింది. వొదులుగుంది. ఇది మా అయ్య ముడి కాదు, ఎవలిదో సిన్న సెయ్యి" అన్నాడు. "సోటూ కొంచెం తేడాగా ఉంది. నమ్మాలా వొద్దా అనుకున్నాను. తెప్ప తిప్పినానో నేదో, పక్కనే మొండిరాయి మీద అల ఇరిగిన సప్పుడు." కూలబడి నా తల మీద చెయ్యి వేశాడు. గొంతు చించుకుని ఏడ్చాను.

మర్నాటి నుంచి తాత ఆ తాడు నాకే నేర్పాడు. ఆ వేసవికే మేస్టారికి బదిలీ అయింది, రేకు పెట్టె నాకిచ్చి పోయారు, అయ్య వేట మానేశాక తాడు కూడా అందులోకే చేరింది. ఆ తర్వాత ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో ఉక్కు ఫ్యాక్టరీ పనివాళ్ళ పిల్లల ముందు ప్రతి ఏటా ఈ తాడు పరిచాను, మీ ఇంట్లో ఎవరికీ చెప్పకుండా దాచిన ముడి ఏదో కనుక్కుని రాయండి అన్నాను. తాత లేడు, అయ్య లేడు. ఎండబెట్టిన దుంగల వరసలు లేవు. తాత గుర్తు పెట్టుకున్న కొండలకి అడ్డంగా మేడలు లేచాయి, ఇప్పుడు బోట్లలో లోతు అద్దం మీద అంకెల్లో కనిపిస్తుందట.

"మేడమ్, ఇదొక్కటి ఊడిపోయేలా ఉంది. బిగించేయనా?" అంది సౌజన్య. ఎప్పుడు ముందుకొచ్చిందో, చున్నీ వదిలేసి తాడు చేతుల్లోకి తీసుకుంది.

"ముట్టుకోకు!" అన్నాను. నా అరుపుకి నేనే ఉలిక్కిపడ్డాను. ముట్టుకోకు అన్న మాటతోనే కదా ఇదంతా మొదలైంది. ఆమె చెయ్యి పట్టుకుని గవ్వ ముడి మీద పెట్టాను.

"ముట్టుకో తల్లీ, బాగా తడిమి చూడు. బిగించకు. ఇంత వదులు ముడిని నమ్మి మా అయ్య ఇంటికొచ్చాడు."