మేత మేసిన హార్డ్‌డిస్కు

మేమంతా కుర్రాళ్లుగా ఉన్న కాలంలో, మా వైపు పాత వస్తువు కొనడమంటే దాని పూర్వచరిత్ర కూడా కొనడమే. ఎవరింటిది, ఎందుకు వదిలించుకున్నారు అన్నది తేలనిదే బేరం మొదలయ్యేది కాదు. మా మేనమామకైతే ఈ పట్టింపు మరీ ఎక్కువ. మదనపల్లెలో ఫోటోల కలర్ ల్యాబ్ పెట్టకముందు ఆయన పుంగనూరు సంతలో ఎద్దుల బేరగాడు. నేను ఆ ల్యాబ్‌లో కంప్యూటర్ మనిషిని (ఆరు నెలల కోర్సు, ఆరేళ్లకు సరిపడా పొగరు).

పెళ్లి ఫోటోలన్నీ ఒక పాత సర్వరులో దాచేవాళ్లం. ఒకరోజు అందులో ఒక హార్డ్‌డిస్కు పోయింది. సరిగ్గా అదే రకం మరొకటి పెడితే తప్ప లేవనని సర్వరు మొండికేసింది. ఆ రకం కొత్తవి రావడం ఎప్పుడో ఆగిపోయింది. అదే వారం బి.కొత్తకోట నుంచి ఒక అవ్వ వచ్చింది. మనవరాలి పెళ్లిలో తీసిన తాత ఫోటో కావాలట. తాత ఈమధ్యే పోయాడు. ఇంట్లో రేషన్ కార్డు మీది ఫోటో తప్ప ఇంకోటి లేదు. "దాంట్లో దొంగ మాదిరి ఉండాడు సామీ" అంది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది.

కుప్పం స్టేషను దగ్గర ఒకాయన బెంగుళూరు కంపెనీలు తీసేసిన డిస్కులు తెచ్చి, పరీక్షించి, బాగుచేసి అమ్ముతాడని తెలిసి నేనూ మామా బస్సెక్కాం. మామ డిస్కును నాలుగు వైపులా తిప్పి చూశాడు. "దీన్ని యాల ఇడిసిపెట్టినారు?" అన్నాడు. "కంపెనీవోళ్లు కొన్నేండ్లకు అన్నీ ఒకేసారి మార్చేస్తారప్పా. చెడిపోయి కాదు" అన్నాడు అమ్మేవాడు. "పనిచేసేదాన్ని ఎవురన్నా తోలేస్తారా? ఏదో ఉండాది." పరువు పోతోందని "ఇది ఎద్దు కాదు మామా" అని చెవిలో గొణిగాను. ఆయన వింటేగా! "రెండు దినాలు మా కాడ కట్టేసుకుంటాం. మేత మేస్తే సరి, లేకుంటే వాపసు తోలుకొస్తాం" అన్నాడు. "తోలుకుపోండప్పా" అన్నాడాయన (వాళ్లదీ ఎద్దుల కుటుంబమేనేమో). తిరుగు బస్సులో మామ దాన్ని తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా లేచి నిలబడ్డాడు.

సర్వరులో పెట్టగానే చిన్న పచ్చలైటు టకటకా మినుకుమంది. మిగతా డిస్కుల నుంచి ఇది సమాచారం నింపుకుంటోందని వివరించబోయాను. "తెలుస్తాండాదిలే. మేస్తాండాది" అన్నాడు మామ. కబురందుకుని మళ్లీ వచ్చిన అవ్వ ఆ పూటంతా సద్దిమూటతో ఆ లైటు ముందే కూర్చుంది. అది ఆగిపోతే తాత రెండోసారి పోతాడని నాకు నిజంగానే భయమేసింది. సాయంత్రానికి ఫోటో తెర మీదికొచ్చింది. పెళ్లి భోజనాల పంక్తిలో, చేతిలో ముద్దతో, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు తాత. అవ్వ చాలాసేపు చూసింది. "నా ముందర ఎప్పుడూ ఇట్ల నగలేదే. ఎవురు నగించినారో సూడు సామీ" అంది. ఫోటో పక్కకి జరిపాను. ఎదురుగా చారు గరిటెతో నిలబడి ఉన్నది అవ్వే.

మొన్నీమధ్య, ఏళ్ల తరబడి పనిచేసిన కంపెనీ నన్నూ నా వయసువాళ్లనూ ఒకేసారి మార్చేసింది. చెప్పొద్దూ, చాలా బాధేసింది. కొత్తచోట ఇంటర్వ్యూలో మా అబ్బాయి ఈడు కుర్రాడు "అక్కడ మిమ్మల్ని ఎందుకు వదిలేశారు?" అని అడిగాడు. "చెడిపోయి కాదు బాబూ" అన్నాను. రెండు రోజులు కట్టేసుకుని చూడండి, మేస్తాను అని కూడా నోటిదాకా వచ్చింది. ఎందుకు నవ్వుతున్నారన్నాడు. పుంగనూరు సంత గుర్తొచ్చిందన్నాను.