పట్టేవాడు

మార్కాపురం కబడ్డీ కోచ్ మస్తాన్ వలి ఈలతాడు వేలికి చుట్టుకుంటూ ఎప్పుడూ ఆటగాళ్ల కాళ్లనే గమనిస్తాడు. "కూతకు పోయేటోళ్లు తర్వాత. ముందు పట్టేటోళ్లను ఏరుకోవాల" అని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాడు. ఈసారి మాత్రం జనం కేకలకు మురిసిపోయి, జట్టు నిండా కూతకు పోయేవాళ్లనే తీసుకున్నాడు. మడమ దొరికితే వదలని ఓబులేసును పక్కన పెట్టాడు. దొనకొండలో జరిగిన ఫైనల్లో పాయింట్లు బాగానే వచ్చాయి గానీ, అవతలివాళ్లను ఆపే దిక్కులేక జట్టు ఓడిపోయింది. ఆట చూడడానికి వచ్చిన ఓబులేసు, వలి దగ్గరికొచ్చి, "నా ఆటలో ఏం లోపముంది సార్? చెప్తే దిద్దుకుంటా" అన్నాడు. వలికి మొహం చెల్లలేదు. జట్టంతా వింటుండగానే, "నీలో ఏ లోపమూ లేదు నాయనా. చప్పట్లకు ఆశపడింది నేను" అన్నాడు. ఆటలో మోకాలు దెబ్బతిన్న ఓ ఆటగాడికి ఓబులేసు భుజం ఆసరా ఇచ్చి బస్సు వైపు నడిపించుకుపోయాడు. వలి వాళ్ల వెనక తలొంచుకుని నడిచాడు.